కాంట్రాక్ట్ రెజ్యూమె నా ట్రాకర్ దాకా రావాలంటే

పొద్దున పదిన్నరకి క్లయింట్, అంటే మనుషులు కావాల్సిన కంపెనీ, దగ్గర్నుంచి మెయిల్ వస్తుంది. జావా డెవలపర్ కావాలి, ఆరు నెలల కాంట్రాక్ట్, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, మధ్యాహ్నం మూడు లోపు ఐదు ప్రొఫైల్స్ పంపండి అని. అదే మెయిల్ మాలాగే మనుషుల్ని పంపే ఇంకో నాలుగైదు ఏజెన్సీలకీ (వెండర్లంటాం) వెళ్లి ఉంటుందని నాకు తెలుసు. మాదాపూర్‌లో ఓ చిన్న స్టాఫింగ్ ఆఫీసులో పదకొండేళ్లుగా నా పని ఇదే. నౌకరీ వెబ్‌సైట్ తెరిచి రెజ్యూమెలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతాను. జావాలో ఒక్క లైన్ కూడా నాకు రాయడం రాదు, ఈ మాట ముందే చెప్పేస్తున్నా. కాంట్రాక్ట్ ఉద్యోగం వెతుక్కునే మీరేమో ఇంకో ఇంజినీర్ ఎదురుగా కూర్చుని చదువుతాడనుకుని రాస్తారు. ముందు చదివేది నేను, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని.

నా స్క్రీన్‌లో సగం ఎక్సెల్ షీటే ఉంటుంది. దాన్ని ట్రాకర్ అంటాం. పేరు, ఫోన్ నంబరు, మొత్తం అనుభవం, ఈ పనికి సంబంధించిన అనుభవం, ఇప్పుడు ఎవరి పేరోల్ మీద ఉన్నారు (అంటే జీతం ఇచ్చేది ఏ కంపెనీ), ఎక్కడ ఉంటారు, ఎప్పుడు చేరగలరు, ఎంత అడుగుతున్నారు. రెజ్యూమెతో పాటు క్లయింట్‌కి ఈ షీట్ కూడా వెళ్లాలి. ఒక్కో గడి నింపడానికి మీకు ఫోన్ చేయాల్సి వచ్చి, మీరు ఎత్తకపోతే, తర్వాతి రెజ్యూమెకి వెళ్లిపోతాను. అన్యాయమే, కాదనను. కాబట్టి మొదటి సగం పేజీ నా గడుల కోసం రాయండి. అక్కడ 'డైనమిక్ ప్రొఫెషనల్', 'టీమ్ ప్లేయర్' లాంటివి ఉంటే వాటికి నా షీట్‌లో కాలమ్ లేదు.

'ఇమ్మీడియట్ జాయినర్' అని అందరూ రాస్తారు. అడిగితే ఒకరికి రేపు, ఇంకొకరికి నెలన్నర. 'ప్రస్తుత కాంట్రాక్ట్ నవంబర్ 30తో ముగుస్తుంది, డిసెంబర్ 2న చేరగలను' అని రాస్తే నా గడి నిండిపోయింది. రేటు మాత్రం రెజ్యూమెలో పెట్టకండి, అది ఎవరెవరి చేతికి వెళ్తుందో చెప్పలేం. మెయిల్‌లో రాయండి: నెలకు ఎంత, అందులో పీఎఫ్ కలిసి ఉందా, టీడీఎస్ పోయాక చేతికొచ్చేదా. 'నెగోషియబుల్' అంటే నాకేం అర్థం కాదు.

ఊరు కూడా ఉత్తి 'హైదరాబాద్' అని వదిలేయకండి, ఏరియా రాయండి. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ అబ్బాయిని నానక్‌రాంగూడ క్లయింట్‌కి పంపాను. వారానికి ఐదు రోజులూ ఆఫీసే. అమీర్‌పేటలో మెట్రో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడ ఆటో కోసం నిలబడి, నాలుగో రోజు ఫోన్ చేశాడు, 'నా వల్ల కాదు మేడమ్' అని. క్లయింట్ చేత తిట్లు నేను తిన్నాను. ఇప్పుడు ఏరియా లేకపోతే ముందు అదే అడుగుతాను.

ఇక అసలు విషయం, ప్రాజెక్టులు రాసే పద్ధతి. మా పిన్ని కొడుకు టెస్టింగ్‌లో ఉన్నాడు. మొన్నో ఆదివారం కేపీహెచ్‌బీలో మా ఇంటికి తొమ్మిది పేజీల రెజ్యూమె పట్టుకొచ్చాడు. ప్రతి ప్రాజెక్టు కింద అవే ఆరు లైన్లు: టెస్ట్ కేసులు రాశాను, డిఫెక్టులు లాగ్ చేశాను, రోజూ స్టాండప్ మీటింగ్‌కి హాజరయ్యాను.

"స్టాండప్‌కి వెళ్లడం కూడా పనేనారా?"

"అందరూ అలాగే రాస్తారక్కా."

"సరే, నువ్వు చేరకముందు అక్కడ పని ఎలా నడిచేది?"

"ప్రతి రిలీజ్ ముందు నలుగురు మూడు రోజులు కూర్చుని రిగ్రెషన్, అంటే పాత టెస్టులన్నీ మళ్లీ, చేత్తో చేసేవాళ్లు."

"నువ్వెళ్లాక?"

"సెలీనియం టూల్‌లో 340 కేసులు ఆటోమేట్ చేశాం. రాత్రి జెంకిన్స్‌లో పెడితే వాటంతటవే నడిచి పొద్దున్నకి రిపోర్టు."

"చేశాం అంటే? అందులో నువ్వెన్ని?"

కాసేపు ఆలోచించి, "నూట ఎనభై దాకా నేనే" అన్నాడు.

ఈ ముక్క తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు. ఆరు లైన్లూ కొట్టేసి మూడు రాయించాను. బీమా కంపెనీ క్లెయిమ్స్ అప్లికేషన్, రిలీజ్ టెస్టింగ్ చేత్తో మూడు రోజులు పట్టేది. సెలీనియం, జావాతో 340 కేసుల ఆటోమేషన్, అందులో 180 సొంతంగా. ఇప్పుడు రాత్రికి రాత్రే రన్ అవుతోంది. రెజ్యూమె రెండున్నర పేజీలకు దిగింది. ప్రతి కాంట్రాక్టు కిందా ఇదే వరుస పెట్టండి: మిమ్మల్ని ఎందుకు పిలిచారు, మీ చేత్తో ఏం చేశారు, మీరు వచ్చేసేటప్పటికి ఏం మారింది. అంకె గుర్తు లేకపోతే కల్పించొద్దు, మాటల్లో చెప్పినా చాలు. ఇంటర్వ్యూలో ముందు ఆ అంకె మీదే పడతారు.

వాడి రెజ్యూమెలో ఇంకో సంగతి దాక్కుని ఉంది. నాలుగేళ్లలో మూడు చోట్లు కనిపిస్తుంటే, గెంతుతున్నాడనే నేనూ అనుకున్నాను. అడిగితే తెలిసింది, రెండోది ఆరు నెలల కాంట్రాక్టే, క్లయింటే రెండుసార్లు పొడిగించి పద్దెనిమిది నెలలు ఉంచుకున్నాడు. అయ్యో, అది చెప్పుకోవాలి కదా! కాంట్రాక్టర్‌కి అంతకంటే మంచి సర్టిఫికెట్ నాకు తెలియదు. తేదీల పక్కనే 'కాంట్రాక్ట్, 6 నెలలు, రెండుసార్లు పొడిగింపు' అని రాయండి. పొడిగించకపోతే 'గడువు పూర్తయింది' అనండి. మధ్యలో నాలుగు నెలలు ఖాళీ ఉంటే ఒక్క లైన్‌లో కారణం రాయండి. అమ్మకి ఆపరేషన్ అయిందని రాసినవాళ్లని నేనెప్పుడూ పక్కన పెట్టలేదు. తేదీలు సాగదీసి ఆ ఖాళీ పూడ్చినవాళ్లు మాత్రం వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

ఎలా దొరుకుతారంటే, మీ 12 అంకెల పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, కింద ఏ కంపెనీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పీఎఫ్ కట్టిందో వరుసగా ఉంటుంది. మీరు పెద్ద బ్యాంకులో పనిచేశానని రాస్తారు, పీఎఫ్ మాత్రం పేరోల్ కంపెనీ కట్టి ఉంటుంది. మీరు అబద్ధం చెప్పకపోయినా పేర్లు కలవక ఆఫర్ ఆగిపోతుంది. అందుకని పేరోల్ కంపెనీ పేరు ముందు, 'క్లయింట్: ఫలానా' అని దాని పక్కన. క్లయింట్ పేరు బయట పెట్టకూడదని సంతకం చేసి ఉంటే 'అమెరికాలోని ఆరోగ్య బీమా సంస్థ' అంటే సరిపోతుంది. పీఎఫ్ లేకుండా ఇన్‌వాయిస్ మీద పనిచేసినవాళ్లు అగ్రిమెంట్లు, టీడీఎస్ కాగితాలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో కోర్సు చేశామని రాయడానికి నామోషీ పడక్కర్లేదు. ఆ మూడు నెలల కోర్సే మూడేళ్ల అనుభవంగా మారినప్పుడు గొడవ.

టెక్నాలజీల పేర్లు ముప్పై కుమ్మరించకండి. ఒక్కోదాని పక్కన ఎన్నేళ్లు వాడారు, చివరిసారి ఏ సంవత్సరంలో వాడారు అని పెట్టండి. ఒకాయన 2019లో 'స్ప్రింగ్ బూట్, 8 ఏళ్లు' అని పంపాడు. నాకు తేడా తెలియక ముందుకు పంపేశాను. స్ప్రింగ్ బూట్ మొదటి వెర్షన్ వచ్చిందే 2014 ఏప్రిల్‌లో అని క్లయింట్ వైపు మేనేజర్ చెప్పేదాకా నాకు వెలగలేదు. ఆ రోజు నా పరువు పోయింది. అప్పట్నుంచి ఏ టెక్నాలజీ ఎప్పుడొచ్చిందో, కుబర్నెటిస్ 1.0 అయితే 2015 జూలై, ఎస్‌ఏపీ వాళ్ల ఎస్‌ఫోర్ హానా అయితే 2015 ఫిబ్రవరి, ఇలా ఒక చీటీ మానిటర్‌కి అంటించుకున్నాను.

ఫార్మాట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వర్డ్ ఫైల్, ఒకటే కాలమ్. ఫోన్ నంబరు, మెయిల్ పేజీ పైన హెడర్‌లో పెట్టొద్దు, మా సాఫ్ట్‌వేర్ హెడర్ చదవక నంబరు లేని రెజ్యూమెలు నాకు కనిపిస్తుంటాయి. ఫొటో, నాన్నగారి పేరు, పెళ్లయిందా లేదా, కింద డిక్లరేషన్, ఇవేవీ అక్కర్లేదు. పాన్, ఆధార్ నంబర్లు అసలే వద్దు. పాన్ కొన్ని క్లయింట్లు అడుగుతాయి, అప్పుడు మెయిల్‌లో ఇవ్వండి. ఫైల్ పేరు 'రెజ్యూమె ఫైనల్ న్యూ 3' అని కాకుండా మీ పేరు, స్కిల్, ఏళ్లు.

చివరిగా, మా వాళ్ల గురించి కూడా చెప్పాలి. వెండర్లు మీ రెజ్యూమెని తమ టెంప్లేట్‌లోకి మారుస్తారు. మారుస్తూ మారుస్తూ మీకు రాని స్కిల్ ఒకటి కలిపేవాళ్లూ ఉన్నారు. క్లయింట్‌కి వెళ్లిన కాపీ అడిగి తీసుకోండి, ఇవ్వనంటే అనుమానించండి. ఫోన్‌లో 'సరే పంపండి మేడమ్' అనేసి ఊరుకోకుండా, ఏ క్లయింట్‌కి, ఏ పొజిషన్‌కి, ఎంత రేటుకి పంపుతున్నారో మెయిల్‌లో తెప్పించుకున్నాకే ఒప్పుకోండి. ఒకే పొజిషన్‌కి ఇద్దరు వెండర్ల నుంచి మీ ప్రొఫైల్ వెళ్తే ఎవరు ముందు పంపారన్న పేచీ మొదలవుతుంది. కొన్ని క్లయింట్లు పేచీ ఎందుకని రెండూ తీసేస్తాయి.

మా పిన్ని కొడుకు ఇప్పుడు తన ప్రొఫైల్ ఎవరు ఎక్కడికి పంపారో ఫోన్‌లో రాసుకుంటున్నాడు: తేదీ, వెండర్, క్లయింట్, రేటు. పోయిన వారం మంచి రిక్వైర్‌మెంట్ వచ్చిందని హడావుడిగా ఫోన్ చేశాను. క్లయింట్ పేరు చెప్పగానే, "అది మంగళవారమే వేరేవాళ్లు పంపేశారక్కా" అన్నాడు.