ప్రైవేటు యూనివర్సిటీలో జర్నలిజం డిగ్రీ: చేరే ముందు, చేరాక

ఇంటర్ అయ్యాక జర్నలిజంలో చేరాలనుకుంటే ముందు ఆ యూనివర్సిటీ పేరు యూజీసీ (యూనివర్సిటీల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) జాబితాలో ఉందో లేదో చూడండి, ఫీజు మాట తర్వాత. క్యాంపస్‌కి వెళ్తే స్టూడియో లైట్లు చూసి తిరిగొచ్చేయకండి, రెండో సంవత్సరం పిల్లల్ని పట్టుకుని కెమెరా నిజంగా చేతికిస్తారా, పాఠం చెప్పేవాళ్లలో రిపోర్టింగ్ చేసినవాళ్లు ఎంతమంది, ఇంటర్న్‌షిప్ కాలేజీ చూపిస్తుందా మనమే వెతుక్కోవాలా అని అడగండి. వాళ్లే అసలు సంగతి చెప్తారు. హాస్టల్, పరీక్ష ఫీజులతో కలిపి మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక నాలుగేళ్ల కోర్సులో మూడేళ్లకే డిగ్రీతో బయటకొచ్చే వీలుంది, మీ కాలేజీలో అది ఎలా ఉందో కనుక్కోండి.

చేరాక మాత్రం క్లాసుల మీదే ఆధారపడొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. వారానికో వార్త రాయండి, మీ ఊరి బస్టాండ్ కావచ్చు, గవర్నమెంటు ఆసుపత్రి కావచ్చు, కనీసం ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, పేర్లు, అంకెలు రెండోసారి సరిచూసుకుని. సమాచార హక్కు చట్టం 2005 విద్యార్థులకూ పనికొస్తుంది: కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకైతే 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. తెలుగు టైపింగ్ మొదటి సెమిస్టర్‌లోనే నేర్చుకోండి, ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇక్కడే టెన్షన్ పడతారు. అచ్చయిన ప్రతి వార్తనీ పీడీఎఫ్‌గా దాచుకోండి, లింకులు ఎప్పుడైనా పోవచ్చు, ఉద్యోగానికి వెళ్తే ముందు చూసేది అవే.