సరస్సు ఒడ్డు స్థలం, ఉమ్మడి డాక్: ఇరుగుపొరుగుతో పేచీ లేకుండా ఎలా తేల్చుకోవాలి?

"ఆ డాక్ (పడవ కట్టుకోవడానికి ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేసిన వేదిక) ఎవరిది?" అని అడిగితే ఒక్క జవాబు రాదు, ఎందుకంటే అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. ఒడ్డున నేల ఎవరిది, నీళ్ళ కింద నేల ఎవరిది, డాక్ పర్మిట్ ఎవరి పేరున ఉంది, దాన్ని వాడుకునే హక్కు ఎవరికుంది. ఈ నాలుగూ నలుగురి చేతుల్లో ఉండొచ్చు. పక్కింటాయన "మా నాన్న కట్టించాడు" అంటాడు, మీరు "నా స్థలంలో ఉంది" అంటారు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు, కాకపోతే వేర్వేరు ప్రశ్నలకి.

మొదటి పని: కాగితాలన్నీ తీయండి

మీ దస్తావేజు ఒక్కటే చదివితే లాభం లేదు. రెండు పక్కల వాళ్ళవి, వెనక వరసలో వాళ్ళవి, అన్నిటికంటే ముఖ్యంగా పెద్ద స్థలాన్ని మొదటిసారి ప్లాట్లు చేసినప్పటి లేఅవుట్ ప్లాన్, లింకు డాక్యుమెంట్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి తెప్పించుకోండి. ఒడ్డుకి దారి, పడవ కట్టుకునే హక్కు లాంటివి మొదటి అమ్మకంలో ఎక్కడో ఒక వాక్యంలో రాసేసి, తర్వాతి దస్తావేజుల్లో "పాత హక్కులకు లోబడి" అని తేల్చేయడం మామూలే.

హద్దుల దగ్గర మాటలు జాగ్రత్తగా చూడండి. "సరస్సు వరకు" అని ఉంటే సాధారణంగా నీరే హద్దు. "ఒడ్డున ఉన్న రాయి వరకు", "నడకదారి వరకు" అని ఉంటే ఆ రాయికీ నీటికీ మధ్య సన్నటి పట్టీ ఒకటి ఇంకెవరికో మిగిలి ఉండొచ్చు, అది పాత యజమానిది కావచ్చు, ప్లాట్ల వాళ్ళందరి ఉమ్మడిదీ కావచ్చు. గొడవంతా ఆ పట్టీ మీదే నడుస్తుంది, చాలామంది దాని సంగతి ఆఖర్న కనుక్కుంటారు.

రెండో పని: సర్వే, కానీ నీళ్ళ సంగతి తెలిసిన సర్వేయర్‌తో

నీళ్ళు ఒకచోట నిలబడవు. చాలా చోట్ల చట్టం ఇలా చూస్తుంది: ఏళ్ళ తరబడి మెల్లగా మేట వేసి నేల పెరిగితే అది ఒడ్డు యజమానికి కలుస్తుంది, తుఫానుకో వరదకో ఒక్కసారిగా ఒడ్డు మారితే హద్దు పాతచోటే ఉంటుంది. అందుకే మ్యాప్ మీద సర్వే తేదీ, ఆ రోజు నీటి మట్టం, మామూలుగా నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఆ గీత, మూడూ వేయించండి.

పక్క హద్దుల్ని నీళ్ళలోకి స్కేలు పెట్టి నేరుగా పొడిగిస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. కానీ గుండ్రటి సరస్సులో ఆ గీతల్ని మధ్య బిందువు వైపు తిప్పే పద్ధతి ఉంది, పొడవాటి సరస్సులో మధ్య గీతకు లంబంగా గీస్తారు. ఒడ్డు లోపలికి వంగిన చోట నేరుగా గీస్తే ఒకరి గీత ఇంకొకరి ముందునుంచే పోతుంది, "నీ డాక్ నా నీళ్ళలోకి వచ్చింది" అనే పేచీ ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

అది డ్యామ్ వెనక రిజర్వాయర్ అయితే ఒక ఎత్తు వరకు ఒడ్డు కూడా డ్యామ్ సంస్థదే కావచ్చు. అమెరికాలో డ్యామ్‌లు నడిపే ప్రభుత్వ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ సరస్సుల్లో డాక్ కట్టాలంటే 1933 నాటి చట్టంలోని 26ఎ సెక్షన్ కింద దాని అనుమతి కావాలి. అలాంటిచోట మీరూ పక్కవాళ్ళూ రాజీ పడ్డా అది సగం పనే.

మూడో పని: ఏ రకం హక్కో తేల్చండి

సొంత హక్కు ఒకటి, పక్కవాడి నేలను ఫలానా పనికి వాడుకునే ఈజ్‌మెంట్ హక్కు ఒకటి, ఉత్త అనుమతి ఒకటి. అనుమతిని ఇచ్చినవాళ్ళు మామూలుగా వెనక్కి తీసుకోవచ్చు, ఈజ్‌మెంట్‌ను అలా తీసుకోలేరు. ఈజ్‌మెంట్ ఉన్నా దేనికి ఉందో చూడాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1985లో థీస్ వర్సెస్ హౌలాండ్ కేసులో తేల్చింది ఇదే: ఒడ్డు వెంట నడకదారి వాడుకునే హక్కు ఉన్న వెనక ప్లాట్ల వాళ్ళకి, అక్కడ సొంతంగా డాక్ కట్టుకునే హక్కు దానంతటదే రాదు.

ఎవరినీ అడక్కుండా ఏళ్ళ తరబడి బాహాటంగా వాడుకుంటే అదే హక్కుగా మారొచ్చు. గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మిషిగన్‌లో 15 ఏళ్ళు, మన 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో ప్రైవేటు నేలకి 20 ఏళ్ళు. గడువు ఇంకా నిండకపోతే "మా అనుమతితో వాడుకోండి" అని రాసి వాడుకునేవాళ్ళ సంతకం తీసుకుంటే ఆ లెక్క ఆగిపోతుంది. కానీ ఆ కాగితం ఎందుకో ముందు నోటితో చెప్పండి, ఉత్తినే పోస్టులో పంపితే అదే కొత్త గొడవ.

నాలుగో పని: కూర్చుని మాట్లాడండి

తాళం వేయడం, తాడు కోయడం, పలకలు పీకడం లాంటివి చేయకండి, కోర్టుకెళ్తే ముందు అవే మీ మీద చూపిస్తారు. ఒకే సర్వే మ్యాప్ అందరి ముందూ పెట్టి, ఎవరికి నిజంగా ఏం కావాలో అడగండి. ఒకరికి పడవ రాత్రంతా కట్టుకోవాలి, ఒకరికి పిల్లలు ఈత కొడితే చాలు, ఇంకొకరికి తమ ముందు ఇంకెవరి పడవా కనపడకూడదు. ఇవి ఒకదానికొకటి అడ్డు కాకపోవచ్చు. హద్దు మీద ఉమ్మడి డాక్, లేదా రాసి ఇచ్చిన ఈజ్‌మెంట్, లేదా స్థలం కొంచెం మార్చుకోవడం, వీటిలో ఏదో ఒకటి కుదురుతుంది.

ఐదో పని: రాసుకోండి, రిజిస్టర్ చేయండి

ఒప్పందం మనుషుల పేర్లకి కాదు, ప్లాట్లకి అంటిపెట్టుకుని ఉండేలా రాయించండి, ఇల్లు అమ్మితే హక్కూ బాధ్యతా కొన్నవాళ్ళకి పోవాలి. ఎవరు ఎటువైపు ఎంత పొడవు పడవ కట్టాలి, చుట్టాలూ అద్దెకున్నవాళ్ళూ వాడొచ్చా, రిపేరు ఖర్చు వాటాలు, ఎవరైనా ఇవ్వకపోతే ఏంటి, ఎవరైనా జారిపడితే ఎవరి ఇన్సూరెన్స్, డాక్ పాడైపోతే మళ్ళీ కట్టాలా వద్దా, ఇవన్నీ అందులో ఉండాలి. ఆఖరిదాన్ని అందరూ మర్చిపోతారు. స్థలం మీద బ్యాంకు లోను ఉంటే వాళ్ళ సమ్మతి కూడా తీసుకోండి, లేకపోతే రేపు బ్యాంకు వేలం వేసినప్పుడు మీ హక్కు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఇది భూముల వకీలుతోనే రాయించండి, నెట్‌లో దొరికిన నమూనా వద్దు.

మాటలతో తెగకపోతే ముందు మధ్యవర్తి, తర్వాతే కోర్టు. దావా వేయాల్సి వస్తే ఆ డాక్ మీద హక్కు ఉందనేవాళ్ళందర్నీ, వెనక వరస వాళ్ళతో సహా, పార్టీలుగా చేర్చమని వకీలుకి చెప్పండి, వదిలేసినవాళ్ళకి ఆ తీర్పు వర్తించకపోవచ్చు. ఎలా తేలినా పర్మిట్‌లో పేర్లు మార్పించి, రిజిస్టర్ అయిన కాగితం ప్రతి ప్లాటు రికార్డులోనూ ఎక్కిందో లేదో చూసుకోండి.