ఐడ్లింగ్‌లో ఆర్‌పీఎం పైకి కిందకి కొడుతోందా? పార్టులు మార్చేముందు ఇలా చెక్ చేస్కోండి

సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ తొక్కకుండా న్యూట్రల్‌లో ఉంచితే (ఇదే ఐడ్లింగ్) ఆర్‌పీఎం ముల్లు 600కి పడిపోతూ మళ్ళీ 1200కి లేస్తూ, స్టీరింగ్ వణుకుతూ, ఒక్కోసారి బండి ఆగిపోతూ ఉంటే చాలామంది నేరుగా గ్యారేజీకి వెళ్ళి, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని కంట్రోల్ చేసేది) పోయిందనగానే కొత్తది వేయించేస్తారు. వేలకి వేలు పోతాయి, కంప్లైంట్ మాత్రం అలాగే ఉంటుంది. దయచేసి అలా చెయ్యకండి. ఈ ప్రాబ్లం ఎప్పుడు వస్తోందన్న దాంట్లోనే సగం జవాబు ఉంటుంది, కాబట్టి పెట్రోల్ కారైతే ఈ వరసలో చూడండి.

ముందు ఒకటి తెలుస్కోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక చాలా కార్లలో ఐడ్లింగ్ 650 నుంచి 850 మధ్య ఉంటుంది. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేస్తే 1200 దాకా వెళ్ళి మెల్లగా దిగడం, ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ముల్లు ఒక్కసారి కదలడం, ఇవేవీ ఫాల్ట్ కాదు. ముల్లు కదలకుండా నిలబడి బండి మాత్రమే వణుకుతుంటే ముందు ఇంజిన్ మౌంటింగులు చూపించండి.

స్టెప్ 1: గమనించండి
ఏసీ వేస్తేనే పడిపోతోందా? థ్రాటిల్ బాడీలో మసి పట్టి ఉండొచ్చు. ఫుల్ ట్యాంక్ కొట్టించాక స్టార్టింగ్ కష్టమై మిస్సింగ్ కొడుతోందంటే పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) మీద డౌట్ పడండి. బ్రేక్ తొక్కితే మారుతోందంటే బ్రేక్ బూస్టర్ (ఇంజిన్ సక్షన్‌తో బ్రేక్ తేలిగ్గా పడేలా చేసేది) పైపు. సీఎన్‌జీలో మాత్రమే వస్తూ పెట్రోల్‌లో బాగుంటే గ్యాస్ కిట్ వైపు చూడాలి, ఇంజిన్‌ని కెలకొద్దు.

స్టెప్ 2: స్కానర్ పెట్టండి
స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానర్ దానికి పెడితే ఫోన్‌లోనే కోడ్‌లు కనిపిస్తాయి. చెరిపేముందు రాసిపెట్టుకోండి. పీ0300 నుంచి పీ0304 వరకు మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం), పీ0171 అంటే మిక్చర్‌లో గాలి ఎక్కువైంది, పీ0506, పీ0507 అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే తక్కువ, ఎక్కువ. కోడ్ వచ్చింది కదా అని ఆ సెన్సార్ మార్చేయకండి, కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో మాత్రమే. లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి, ఐడ్లింగ్‌లో ప్లస్ 10 శాతం దాటి ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే బాగా తగ్గిపోయిందంటే దాదాపుగా గాలి లీకే. పైకి వెళ్ళినా తగ్గకుండా ఉంటే పెట్రోల్ ప్రెషర్ వైపు అనుమానం.

స్టెప్ 3: గాలి లీక్ పట్టుకోండి
ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. కంప్యూటర్ కొలిచిన గాలి కాకుండా మధ్యలో ఏ పగులు నుంచో అదనంగా గాలి లోపలికి పోతుంటే, దాన్ని సరిచెయ్యబోయి ఆర్‌పీఎం ఊగుతూ ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, బయట ఖాళీ జాగాలో, చున్నీ, కండువా లాంటివి తీసేసి పని మొదలుపెట్టండి. మూసిన షెడ్డులో ఇంజిన్ అస్సలు ఆన్‌లో ఉంచొద్దు, పొగ ప్రాణం తీస్తుంది.

ముందు ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బర్ పైపు, వాల్వ్ కవర్ నుంచి వచ్చే పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి లాగేది), బ్రేక్ బూస్టర్ పైపు అన్నీ చేత్తో వంచి చూడండి. పైనుంచి చూస్తే నల్లగా నున్నగా బాగానే ఉంటుంది, కింద మలుపు దగ్గర వంచితేనే సన్నటి పగులు నోరు తెరుస్తుంది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఈ టైంలోనే చూస్కోండి, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇది మామూలే.

తర్వాత స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి దూరంగా ఉంచుకుని, జాయింట్ల మీద సబ్బునీళ్ళు కొద్దికొద్దిగా కొట్టండి, కాయిళ్ళ (ప్లగ్గులకి కరెంట్ ఇచ్చేవి) మీద, కనెక్టర్ల మీద మాత్రం పడకూడదు. ఎక్కడ కొట్టినప్పుడు సౌండ్ మారితే అక్కడే లీక్. కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు కొందరికి ఉంది కానీ వేడి ఇంజిన్ మీద మంట అంటుకుంటుంది, వద్దు. పర్జ్ వాల్వ్‌కి క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరి నిలవుండే డబ్బా) వైపు నుంచి వచ్చే పైపు పీకి, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే ఐడ్లింగ్‌లో ఆ వాల్వ్ నోటి దగ్గర వేలు పెట్టండి, గట్టిగా లాగుతూనే ఉంటే వాల్వ్ మూసుకోవట్లేదు.

స్టెప్ 4: థ్రాటిల్ బాడీ
థ్రాటిల్ లోపల తెరుచుకునే రేకు (ఫ్లాప్) అంచున నల్లటి మసి ఉంటే థ్రాటిల్ క్లీనర్ గుడ్డకి పట్టించి, కీ ఆఫ్‌లో మెల్లగా తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే ఫ్లాప్‌ని బలంగా నెట్టొద్దు. తుడిచాక లేదా బ్యాటరీ తీసి పెట్టాక ఐడ్లింగ్ కొన్నాళ్ళు తేడాగా ఉండొచ్చు, రీలెర్న్ (కంప్యూటర్‌కి ఐడ్లింగ్ మళ్ళీ నేర్పించడం) చేయించాలి, ఎలా చెయ్యాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది.

స్టెప్ 5: ప్లగ్గులు, కాయిల్
ప్లగ్ కొస లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు, పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఆయిల్ తడి ఉంటే ఇంజిన్ లోపలి పని. రెండో సిలిండర్ మిస్‌ఫైర్ అని పీ0302 వస్తే ఇంజిన్ ఆపి ఆ కాయిల్‌ని మూడోదాంతో మార్చి నడపండి, కోడ్ పీ0303కి మారిందంటే కాయిల్ పోయినట్టే, ఒక్కటి కొంటే చాలు. మారకపోతే ప్లగ్గుని కూడా అలాగే మార్చి చూడండి.

ఇవన్నీ బాగుంటే మిగిలేది ఇంజెక్టర్, పంప్ ప్రెషర్, కంప్రెషన్, వీటికి గేజీలు కావాలి కాబట్టి మెకానిక్ దగ్గరకే వెళ్ళండి, రాసిపెట్టుకున్న కోడ్‌లు చూపించి ఏ టెస్ట్ చేశారో అడగండి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం అక్కడిదాకా నడుపుకుంటూ కూడా పోవద్దు, కాలని పెట్రోల్ వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ లైన్‌లో పొగని శుభ్రం చేసేది) కాలిపోతుంది, టోయింగ్ పిలవండి.