మౌజర్ 98 యాక్షన్ అని చెప్పే వేట రైఫిల్ అసలైనదో కాదో ఎలా తేల్చాలి?

యాక్షన్ అంటే తూటాను నింపి, మూసి, ఖాళీ గుల్లను బయటికి లాగే రైఫిల్ యంత్రభాగం. జర్మన్ సైన్యం 1898లో చేపట్టిన మౌజర్ 98 యాక్షన్‌తో బెల్జియంలో ఎఫ్‌ఎన్, యుగోస్లావియాలో జస్తావా కంపెనీలు వేట రైఫిళ్లు కూడా చేశాయి. సైన్యం ముద్ర లేదు కాబట్టి అవి నకళ్లని కొట్టిపారేసేవాళ్లున్నారు. అది తప్పు. ముద్రను కాదు, లోపలి పనితనాన్ని చూడాలి.

లైసెన్సుదారు సమక్షంలోనే రైఫిల్ ముట్టుకోండి. మ్యాగజైన్ (తూటాల అర), ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) రెండూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత ఎడమవైపున్న బోల్ట్ స్టాప్‌ను (బోల్ట్ జారిపోకుండా ఆపే మీటను) బయటికి లాగి పట్టుకుని, బోల్ట్‌ను, అంటే ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీని, తీసేయండి.

1. బోల్ట్‌ను బిగించి పట్టే లగ్‌లు, అంటే దాని మీది ఉబ్బెత్తు పళ్లు, లెక్కపెట్టండి. ముందు రెండు పెద్ద లగ్‌లు, వెనక పిడికి కొంచెం ముందు మూడోది ఉండాలి. ముందు లగ్‌లు విరిగితే బోల్ట్ కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా ఆపేది ఆ మూడోదే. 1893, 1896 నమూనాల్లో అది లేదు. 1936లో వచ్చిన విన్చెస్టర్ మోడల్ 70లో ఆ పని బోల్ట్ పిడి మొదలే చేస్తుంది. పైగా దాని బ్యారెల్ వెనక అంచు గరాటులా ఉంటుంది. మంచి రైఫిలే, మౌజర్ వంశమే, కానీ 98 కాదు.

2. తూటాను పట్టి వెనక్కి లాగే కొక్కేన్ని (ఎక్స్‌ట్రాక్టర్) పరీక్షించండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. బోల్ట్ పక్కన పొడవాటి కొక్కెం కనిపించగానే 98 అనుకుంటారు. బోల్ట్‌ను మళ్లీ అమర్చి, మందు, ప్రైమర్ లేని డమ్మీ తూటా మ్యాగజైన్‌లో పెట్టి, బోల్ట్‌ను మెల్లగా ముందుకు తోయండి. తూటా మ్యాగజైన్ పెదవుల నుంచి విడిపడగానే, మూయకుండానే వెనక్కి లాగండి. 98లో తూటా అంచు కింది నుంచి జారి అప్పటికే కొక్కెంలో చిక్కుకుని ఉంటుంది, బోల్ట్‌తో పాటే వెనక్కి వస్తుంది. 1968 నాటి రూగర్ ఎం77కి కూడా అలాంటి కొక్కెమే ఉంది, కానీ తూటా ముందే పట్టుబడదు, ఛాంబర్‌లోనే ఉండిపోతుంది. ఇంకో జాగ్రత్త: 98లో తూటాను నేరుగా ఛాంబర్‌లో వేసి బోల్ట్ మూయకండి. కొక్కెం అంచు మీదుగా బలవంతంగా ఎక్కాల్సి వచ్చి మొన పెచ్చు లేస్తుంది.

3. బోల్ట్ మళ్లీ తీసి, టార్చి వేసి రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు గూడు) ముందు భాగం లోపల చూడండి. బ్యారెల్ ఆనుకునే లోపలి వలయం కొక్కెం కోసం కుడివైపు మాత్రమే తెగి, ఇంగ్లిష్ ‘సి’ అక్షరంలా ఉండాలి. కొన్ని వాణిజ్య రిసీవర్లలో రెండు వైపులా కోస్తారు. పని సులువు కోసం చేసిన మార్పు అది. నా లెక్కలో అదొక్కటే రైఫిల్‌ను 98 కాకుండా చేయదు.

4. బోల్ట్ మీద రెండు పెద్ద గ్యాస్ రంధ్రాలు, వెనక స్లీవ్‌కు (బోల్ట్ వెనక కొస తొడుగుకు) వెడల్పాటి అంచు ఉండాలి. తూటా అడుగు పగిలితే వేడి గ్యాస్ కంటివైపు రాకుండా మళ్లించేవి ఇవే.

5. వెర్నియర్‌తో కొలవండి. రిసీవర్ ముందు వలయం బయటి వ్యాసం సాధారణంగా 35.8 మి.మీ.; చిన్నది 33 మి.మీ. చిన్నదైనంత మాత్రాన 98 కాదనకండి: జర్మన్ 33/40 రైఫిల్ చిన్న వలయంతో వచ్చిన అసలు 98. రిసీవర్ పొడవు సుమారు 222 మి.మీ.; యుగోస్లావ్ ఎం48 రైఫిల్‌కి సుమారు 216.

పక్కకు మార్చిన సేఫ్టీ, సర్దుకునే ట్రిగ్గర్, వంచిన పిడి, ఎడమగోడలో బొటనవేలి గాడి లేకపోవడం లెక్కలోకి రావు. గాడి లేని గోడ ఇంకా గట్టిది కూడా.

అసలైనదని తేలినా పాత సైనిక రైఫిల్‌ను వేటకు మలిచినదైతే లగ్‌లు ఆనే చోటు చూడండి. పాత రిసీవర్ల ఉక్కు పైపొర మాత్రమే గట్టిది. దాన్ని ఎక్కువ అరగదీస్తే లగ్‌లు మెత్తటి లోహంలోకి దిగి గుంట చేస్తాయి. కాల్చాక బోల్ట్ ఎత్తడం కష్టమవుతోందంటే అనుమానించాలి. హెడ్‌స్పేస్‌ను, అంటే మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరాన్ని, గో, నో-గో గేజ్‌లతో (కొలత దిమ్మెలతో) పరీక్షించకుండా కాల్చవద్దు.

మన దేశంలో లైసెన్సుదార్ల దగ్గర కనిపించే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 రైఫిల్‌ను ఈ కొలతలతో చూడకండి. అది లీ-ఎన్‌ఫీల్డ్ వంశం: లగ్‌లు వెనక, బోల్ట్ తల విడిగా మరతో బిగిస్తారు, ముందుకు తోసేటప్పుడు స్ట్రైకర్ (తూటా అడుగును కొట్టే పిన్ను) ఎక్కుపెట్టుకుంటుంది. సైన్యం వాడిన .303 పౌరులకు నిషిద్ధం కాబట్టి తూటా మారింది. యాక్షన్ మాత్రం పాతదే.