పేరు దొరకని జబ్బు వార్డులో ఉంటే

మూడు రోజులుగా యాంటీబయాటిక్ నడుస్తోంది, జ్వరం దిగలేదు. సీటీ బాగానే ఉంది, కల్చర్లలో ఏమీ పెరగలేదు, ఏ రిపోర్టు చూసినా నార్మల్ అంటోంది. మంచం మీద మనిషి మాత్రం రోజురోజుకీ జారిపోతున్నాడు. ఇలాంటప్పుడు పీజీలు (స్పెషలైజేషన్ చదివే జూనియర్ డాక్టర్లు) ముందుగా ఫోన్ తీసి లక్షణాలన్నీ టైపు చేస్తారు. నేను జనరల్ మెడిసిన్ యూనిట్ చూస్తాను. రౌండ్స్‌లో ఆ ఫోన్ జేబులో పెట్టించడం నాకు అలవాటైపోయింది. వెతకొచ్చు, కానీ దానికి ఇంకా వేళ కాలేదు.

నేను పాటించే వరస ఇది: ముందు ఆగలేనిది, తర్వాత చెరిగిపోయేది, ఆపైనే జబ్బు పేరు. పేరు రెండు రోజులు ఆలస్యంగా దొరికితే చాలాసార్లు నష్టం ఉండదు. మొదటి రెండూ గంటల లెక్క.

ఆగలేనివి

ఫ్లూయిడ్స్ ఎన్ని ఎక్కించినా బీపీ లేవడం లేదు, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడ్డాయేమో చూడండి. అడ్రినల్ గ్రంథి పనిచేయడం లేదన్న అనుమానం వస్తే కార్టిసాల్ (అడ్రినల్ హార్మోన్), ఏసీటీహెచ్ (దాన్ని ఉత్తేజపరిచే హార్మోన్) కోసం రక్తం తీసి, ఆ క్షణమే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ నరంలోకి ఇచ్చేయాలి. తర్వాత 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు వెళ్లేలా చూడాలి. రిపోర్టు వచ్చాక ఆలోచిద్దాం అంటే ఆ రిపోర్టు చూడటానికి పేషెంటు ఉండకపోవచ్చు.

మతి తప్పి వచ్చినవాళ్లకు థయమిన్ (బీ1 విటమిన్). మందు తాగుతాడా అని ఒక్క ప్రశ్న వేసి, లేదనగానే వదిలేయకండి. వారాల తరబడి వాంతులైన గర్భిణి, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, చాలాకాలంగా సరిగ్గా తినని క్యాన్సర్ పేషెంటు, అందరూ ఈ కోవలోకే వస్తారు. థయమిన్ లోపానికి గుర్తులైన తికమక, కళ్లు పక్కకు తిరగకపోవడం, నడకలో తూలడం అనే మూడూ కలిసి కనపడేది కొద్దిమందిలోనే. అనుమానం చాలు, 500 మిల్లీగ్రాములు నరంలోకి, రోజుకు మూడుసార్లు. గ్లూకోజ్ డ్రిప్ కంటే ముందో, దానితోపాటో వెళ్లాలి.

అలాగే కారణం తెలియని మతిమార్పులో, లివర్ పరీక్షలు బాగున్నా సరే, ఒకసారి అమ్మోనియా చూడాలి. యూరియా సైకిల్ లోపాలు (అమ్మోనియాను యూరియాగా మార్చే ఎంజైమ్‌ల లోపాలు) పసిపిల్లల జబ్బులని పుస్తకంలో చదువుకుంటాం గానీ, కొద్దిపాటి లోపం ఉన్నవాళ్లు పెద్దయ్యేదాకా నెట్టుకొచ్చి, కాన్పు తర్వాతో, స్టెరాయిడ్ కోర్సు తర్వాతో, పెద్ద ఇన్ఫెక్షన్‌లోనో కుప్పకూలతారు. శాంపిల్‌ను ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు చేతికిచ్చి రావాలి. ట్రేలో గంటసేపు పడి ఉన్న ట్యూబులోంచి వచ్చే అంకెను నమ్మకూడదు. వాల్‌ప్రోయేట్ (ఫిట్స్ మందు) వాడుతున్నవాళ్లలోనూ అమ్మోనియా పెరుగుతుంది కాబట్టి మందుల చీటీ కూడా చూడండి. నిజంగా బాగా పెరిగి ఉంటే ప్రొటీన్ ఆపి, గ్లూకోజ్ ధారాళంగా ఎక్కిస్తూ, డయాలిసిస్ వాళ్లకు ఫోన్ చేయాలి.

ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ రెండూ పడిపోయి ఎల్‌డీహెచ్ (కణాలు చితికితే రక్తంలో పెరిగే ఎంజైమ్) పైకి పోతుంటే రక్తపు స్మియర్ మీరే కళ్లతో చూడండి. విరిగిన ఎర్ర కణాలు కనపడితే టీటీపీ (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు) అనుకుని ఏడీఏఎంటీఎస్13 ఎంజైమ్ శాంపిల్ తీసి, ఆ రోజే ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ (పేషెంటు ప్లాస్మా తీసేసి దాతలది ఎక్కించడం) మొదలుపెట్టించాలి. వైద్యం అందకపోతే నూటికి తొంభైమంది దాకా పోయే జబ్బు ఇది. ఎక్స్‌ఛేంజ్ ఏర్పాటయ్యేలోగా ప్లాస్మా ఎక్కించొచ్చు. అంకె చూసి భయపడి ప్లేట్‌లెట్లు ఎక్కించకండి, ప్రాణాపాయమైన రక్తస్రావం ఉంటే తప్ప.

చెరిగిపోయేవి

ఈ భాగం ఎవరూ సరిగ్గా నేర్పరు. మనం ఇచ్చే వైద్యమే సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. తర్వాత ఎంత పెద్ద ఆసుపత్రికి పంపినా ఆ సాక్ష్యం తిరిగి రాదు.

డయాబెటిస్ లేని మనిషికి షుగర్ 55 కంటే కిందకు పడి స్పృహ తప్పింది అనుకోండి. క్యాన్యులా పెట్టగానే ముందు రక్తం లాగి, వెంటనే డెక్స్‌ట్రోజ్ తోయండి. దీనికి అర నిమిషం పడుతుంది. ఆ రక్తంలో గ్లూకోజ్‌తోపాటు ఇన్సులిన్, సీ పెప్టైడ్ (ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ తయారుచేసినప్పుడే వచ్చే ముక్క), బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ (ఒక కీటోన్), కార్టిసాల్, సల్ఫోనిల్‌యూరియా (డయాబెటిస్ మాత్రలు) పరీక్షలు చేయించాలి. ఇన్సులిన్ ఎక్కువుండి సీ పెప్టైడ్ అణగి ఉంటే ఇన్సులిన్ బయటినుంచి వచ్చింది. రెండూ ఎక్కువుంటే క్లోమంలో గడ్డయినా ఉండాలి, షుగర్ మాత్రలైనా లోపలికి వెళ్లి ఉండాలి. గ్లూకోజ్ ఎక్కించాక తీసిన రక్తంతో ఈ తేడా తేలదు. అప్పుడు మళ్లీ షుగర్ పడేదాకా 72 గంటలు పస్తులుంచాల్సి రావచ్చు. అర నిమిషానికి బదులు మూడు రోజులన్నమాట.

మెదడులో గడ్డ కనపడగానే వాపు తగ్గడానికి స్టెరాయిడ్ రాసేయడం మనకు అలవాటు. అది లింఫోమా అయితే స్టెరాయిడ్‌కు కరిగిపోతుంది, బయాప్సీలో ఏమీ తేలదు, కొన్ని వారాలకు మళ్లీ పెరుగుతుంది. మెదడు నొక్కుకుపోయి ప్రాణం మీదకు వస్తే తప్ప సర్జన్‌తో మాట్లాడి, బయాప్సీ అయ్యాక ఇవ్వండి. లింఫ్ గ్రంథులు వాచి జ్వరమున్న కేసులకూ ఇదే వర్తిస్తుంది. "ఒక్క డోసు డెక్సా ఇస్తే ఏమవుతుంది సార్" అని అడిగిన ప్రతి పీజీకీ ఇదే జవాబు.

ఐవీఐజీ (నరంలోకి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్) కూడా అలాంటిదే. అందులో వేలమంది దాతల యాంటీబాడీలు ఉంటాయి. అది ఎక్కాక హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ పాజిటివ్ వస్తే అది పేషెంటుదో దాతలదో ఎవరు చెప్తారు? రక్తం ఎక్కించాక హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్, జీ6పీడీ (ఎర్ర కణాల పరీక్షలు) పంపితే సగం రిపోర్టు దాతది. అందుకే అంతుచిక్కని ప్రతి కేసులో వైద్యం మొదలయ్యేముందు ఒక సీరం ట్యూబు, ఒక ఈడీటీఏ ట్యూబు అదనంగా తీయించి, ల్యాబ్‌వాళ్లను బతిమాలి ఫ్రీజర్‌లో పెట్టిస్తాను. ల్యాబ్ టెక్నీషియన్లతో స్నేహం లేని ఫిజీషియన్ ఈ పని చేయలేడు.

కొన్ని శాంపిళ్లకు వాటి మర్యాద వాటికుంది. పోర్ఫిరియా (ఒళ్లు హీమ్ తయారుచేసుకోవడంలో లోపం వల్ల వచ్చే జబ్బు) అనుమానంతో పోర్ఫోబిలినోజెన్ పరీక్షకు పంపే మూత్రం నొప్పి ఉన్నప్పుడే పట్టాలి, వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టాలి, క్రియాటినిన్‌తో కలిపి లెక్క చూడాలి. నీళ్లు ఎక్కువ తాగించి పట్టిన పల్చటి మూత్రం మోసం చేస్తుంది. క్రయోగ్లోబులిన్ (చలికి పేరుకునే ప్రొటీన్) శాంపిల్ రక్తం గడ్డకట్టేదాకా 37 డిగ్రీల వెచ్చదనంలోనే ఉండాలి. చల్లని ట్యూబులో తీసి పంపి "నెగెటివ్" అని కేసు షీట్‌లో రాసుకుంటే పరీక్ష చేయించనట్టే లెక్క.

కథ మళ్లీ మొదటినుంచి

ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చోండి. పాత డిశ్చార్జి సమ్మరీని పక్కన పెట్టి, పేషెంటు నోటితో మొత్తం మళ్లీ వినండి. "చివరిసారి పూర్తిగా బాగున్నది ఎప్పుడు?" అనే ప్రశ్నతో మొదలుపెడతాను నేను. చాలాసార్లు జవాబు కేసు షీట్‌లో రాసిన తేదీకంటే ఏళ్ల వెనక్కి పోతుంది. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకే కాగితం మీద రాయండి. ఇది గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, నెలనెలా మెల్లగా పెరుగుతున్న క్రియాటినిన్‌నో, ఎప్పుడో మొదలైన సోడియం పతనాన్నో ఇదే పట్టిస్తుంది. వాడుతున్న మందులతోపాటు ఆపేసిన మందులూ, చీటీ లేకుండా కొన్నవీ రాయండి.

జబ్బుకు సంబంధం లేదని పేషెంటు అనుకునేవి మీరే అడగాలి. చిన్నప్పటినుంచి ఎండలో అరచేతులు, అరికాళ్లు మండేవా? చెమట పట్టదా? బొడ్డు నుంచి తొడల దాకా ఎర్రటి చుక్కలున్నాయా? ఫేబ్రీ (కణాల్లో కొవ్వు పేరుకునే వంశపారంపర్య జబ్బు) పేషెంటు వీటిని సిగ్గుతో ఎవరికీ చెప్పి ఉండడు, అప్పటికి కిడ్నీ చెడి మీ దగ్గరికి వస్తాడు. గుండె గోడ మందంగా ఉన్న పేషెంటుకు గతంలో రెండు చేతులకూ కార్పల్ టనెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ అయిందంటే అమిలాయిడ్ (అవయవాల్లో అసహజ ప్రొటీన్ పేరుకోవడం) గుర్తుకు రావాలి. సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) కాస్త ఎక్కువున్న మనిషిని వెల్లకిలా పడుకోమనండి. ఊపిరాడక లేచి కూర్చుంటే పాంపే జబ్బు (కండరాల్లో గ్లైకోజెన్ పేరుకునే వంశపారంపర్య జబ్బు) కోసం వెతకాలి. దుప్పటి తీసి చూడండి: చంకలు, గజ్జలు, నోటి లోపల, గోళ్లు, అరికాళ్లు. కుటుంబంలో పసితనంలోనే పోయిన పిల్లలున్నారా, తల్లిదండ్రులు దగ్గరి బంధువులా అని అడిగి వంశవృక్షం గీయండి. రాత్రి డ్యూటీ సిస్టర్‌ను కూడా అడగండి, నిద్రలో నోరు మెలికలు తిప్పుతోందని చెప్పేది ఆవిడే.

ఏ దారం లాగాలి

జ్వరం, నీరసం, బరువు తగ్గడం పట్టుకుని వెళ్తే వంద జబ్బుల జాబితా వస్తుంది. ఇరుకైన లక్షణాన్ని పట్టుకోండి. పొట్ట మెత్తగా ఉండి భరించలేని కడుపునొప్పి, దానికి తోడు సోడియం తక్కువ, చేతుల్లో బలం పోవడం: పోర్ఫిరియా. లివర్ పాడైపోతూ, కూంబ్స్ (ఎర్ర కణాల మీది యాంటీబాడీల పరీక్ష) నెగెటివ్‌గా రక్తకణాలు చితుకుతూ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వింతగా తక్కువున్న యువకుడు: విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకోవడం), స్లిట్ ల్యాంప్‌తో కళ్లు చూపించండి. నిన్నమొన్నటిదాకా బాగున్న యువతి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో, పెదాలు, దవడ ఆడిస్తూ ఉంటే సైకియాట్రీ వార్డుకు పంపేముందు 2007లో గుర్తించిన యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టార్ ఎన్సెఫలైటిస్ (మెదడులోని రిసెప్టార్ల మీద సొంత యాంటీబాడీలే దాడిచేసే జబ్బు) గుర్తుంచుకోండి. రక్తం కంటే వెన్నునీటిలో పరీక్ష నమ్మదగింది, గడ్డ ఉందేమోనని అండాశయాల స్కాన్ తప్పనిసరి.

నాకు బాగా ఇష్టమైన దారం ఈఎస్ఆర్ (ఎర్ర కణాలు అడుగుకు చేరే వేగం, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరుగుతుంది). పేషెంటు దిగజారుతున్నాడు, జ్వరం తగ్గలేదు, రక్తకణాలు పడిపోతున్నాయి, కానీ ఈఎస్ఆర్ మాత్రం 90 నుంచి 10కి దిగింది. వార్డంతా సంతోషిస్తుంది. అది ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) కరిగిపోవడం వల్ల కావచ్చు. వెంటనే ఫెరిటిన్ (ఇనుము నిల్వచేసే ప్రొటీన్), ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్ పంపి హెచ్‌ఎల్‌హెచ్ (రోగనిరోధక కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాలనే మింగే జబ్బు) కోసం చూడండి. ఫెరిటిన్ 500 దాటితే ఒక ప్రమాణం నిండినట్టే గానీ, వార్డులో ఆ అంకె చాలామందికి ఉంటుంది. 2004 ప్రమాణాల ప్రకారం ఎనిమిదింటిలో ఐదు కలవాలి. వేలల్లో ఉండి రోజూ పెరుగుతుంటే మాత్రం నిద్ర పట్టకూడదు.

అరుదైన జబ్బుల మోజులో పడొద్దని కూడా చెప్పాలి. క్షయ, హెచ్‌ఐవీ, సిఫిలిస్, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, లూపస్, మందుల వల్ల వచ్చే జ్వరం, ఇవి వింత వేషంలో రావడమే ఎక్కువ. వీటిని దాటాక, రెండు అరుదైన జబ్బుల మధ్య తేల్చుకోలేకపోతే, మందు ఉన్నదాన్ని ముందు వెతకండి.

ఎక్సోమ్ పరీక్ష (జీన్లలో ప్రొటీన్ల తయారీకి సంబంధించిన భాగాలన్నీ చదివే పరీక్ష) ఇప్పుడు చేతికి అందుతోంది కాబట్టి ఆలోచించకుండా పంపేస్తున్నారు. ఫారంలో "బలహీనత" అని ఒక్క మాట రాస్తే ల్యాబ్‌వాళ్లు ఏం వెతుకుతారు? లక్షణాలన్నీ వివరంగా రాయండి, వీలైతే తల్లిదండ్రుల శాంపిళ్లూ పంపండి. ఫ్రీడ్‌రిక్ అటాక్సియాలాంటి రిపీట్ జబ్బులను (జీన్‌లో ఒక చిన్న ముక్క పదేపదే రిపీటై వచ్చేవి) మామూలు ఎక్సోమ్ నమ్మకంగా పట్టుకోదు. "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని వస్తే దాన్ని నిర్ధారణగా రాయకూడదు. ఒకటి రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ చూడమని అడగండి, కొత్త జీన్లు తెలుస్తూనే ఉంటాయి.

వైద్యం, కాగితం

పోర్ఫిరియా అని తేలితే హీమిన్ కిలోకు 3 నుంచి 4 మిల్లీగ్రాములు, రోజుకొకసారి, నాలుగు రోజులు. అది తెప్పించేలోగా గ్లూకోజ్ డ్రిప్. అంతకంటే ముఖ్యం, హాని చేసే మందులు ఆపడం: ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్, రిఫాంపిసిన్, సల్ఫా మందులు. ఫిట్స్ వస్తే సోడియం సరిచేస్తూ లెవెటిరాసెటమ్ వాడండి.

పేరు తేలకుండానే మందు మొదలుపెట్టాల్సి వస్తే కేసు షీట్‌లో మూడు వాక్యాలు రాయించండి: ఏం మెరుగవుతుందని ఆశిస్తున్నాం, ఎన్ని రోజుల్లో, ఏమైతే ఆపేస్తాం. ఇవి రాయకపోతే స్టెరాయిడ్ నెలల తరబడి నడుస్తుంది, ఎందుకు మొదలుపెట్టామో ఎవరికీ గుర్తుండదు.

బంధువులతో "ఇంకా తేలలేదు, ఫలానావి కావని తేలింది, రేపు ఇది చూస్తున్నాం" అని సూటిగా చెప్పండి. డిశ్చార్జిలో కూడా అంతే: తోచిన పేరు అంటించకుండా "నిర్ధారణ కాలేదు" అని రాసి, ఏవి ఏ పరీక్షతో కొట్టేశామో, ఫ్రీజర్‌లో ఏ ట్యూబు ఉందో, ఏ రిపోర్టు రావాల్సి ఉందో రాయండి. మెటబాలిక్ జబ్బు తేలినవాళ్లకు ఇంకో కాగితం వేరుగా ఇచ్చి, పర్సులో పెట్టుకోమనండి. ఎమర్జెన్సీలో తెలియని డ్యూటీ డాక్టరు చదివినా అర్థమయ్యేలా ఉండాలి: "ఈ పేషెంటుకు యూరియా సైకిల్ లోపం ఉంది. వాంతులు, మగత ఉంటే వెంటనే గ్లూకోజ్ డ్రిప్ పెట్టండి, అమ్మోనియా పంపండి, వాల్‌ప్రోయేట్ ఇవ్వకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి." నంబరు యూనిట్‌ది రాయండి, పీజీది రాస్తే కోర్సు అయ్యాక ఎవరూ ఎత్తరు.