వానలు మొదలవకముందే: పాత భయానికి థెరపీ తీసుకునేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు వస్తోందంటే చెన్నైలో మిద్దె మీద నీళ్లు పోయే గొట్టాలు చూసుకుంటాం, ఇన్వర్టర్ చూసుకుంటాం. 2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది ఇంట్లోకి వచ్చినవాళ్లు మనసును కూడా చూసుకోవాలి. మాది సైదాపేటలో కింది అంతస్తు. మోకాలి లోతు నీళ్లలో అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కాను. ఇప్పటికీ వాన రెండు గంటలు ఆగకుండా పడితే చేతులు చల్లబడతాయి.

ఇలాంటి జ్ఞాపకాన్ని ఎవరితోనూ ఒకేసారి తవ్వించుకోకండి. నేను మొదట వెళ్లిన చోట మొదటి గంటలోనే "ఆ రాత్రి జరిగిందంతా చెప్పండి" అన్నారు. చెప్పాను. వారం రోజులు నిద్ర లేదు. తర్వాత కలిసినావిడ మూడు వారాలు ఆ రాత్రి ఊసే ఎత్తలేదు. పాదాలు నేలకు ఆనించడం, గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం, ఇక చాలు అనిపిస్తే చెయ్యెత్తడం, ఇవే నేర్పారు. అవి అలవాటయ్యాకే అసలు సంగతికి వచ్చాం.

మాది ఈఎమ్‌డీఆర్ అనే, కళ్ల కదలికలతో చేసే థెరపీ పద్ధతి. 1987లో అమెరికన్ సైకాలజిస్ట్ ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టారు. జ్ఞాపకాన్ని కాసేపు మనసులో ఉంచుకుని, థెరపిస్ట్ వేళ్లు అటూ ఇటూ కదులుతుంటే కళ్లతో వెంబడించాలి. ఆపి, ఏమనిపించిందో చెప్పాలి. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. దీన్నీ, ట్రామాకు (మనసుకు తగిలిన పెద్ద దెబ్బకు) చేసే సీబీటీనీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మాటల థెరపీనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది.

వీలైతే వేసవిలో మొదలుపెట్టండి. ఇప్పటికే మొదలైతే వానలకు భయపడి మానేయకండి, ఆ భయం సంగతే ముందుగా చెప్పండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. తెలుగు వచ్చినవాళ్లు దొరికితే మరీ మంచిది. "నీళ్లొస్తున్నాయిరా" అన్న అమ్మ కేకను నేను ఇంగ్లీషులో చెబితే, అది ఎవరిదో కథలా వినిపించింది.

సెషన్ అయ్యాక వెంటనే బండి నడపొద్దు. ఆ సాయంత్రం మీటింగులు పెట్టుకోవద్దు. డాక్టరు రాసిన మందులు సొంతంగా ఆపొద్దు. రాత్రిపూట వాట్సాప్‌లో వచ్చే వరద వీడియోలు చూడొద్దు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట: "ఎప్పుడో అయిపోయింది కదా, మర్చిపో" అనకండి. గుచ్చి గుచ్చి అడగకండి కూడా. పక్కన కూర్చుంటే చాలు.

రాత్రి మరీ కష్టంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా, ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

నీళ్లు వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోవడం కూడా నాకు ధైర్యాన్నిచ్చింది. కాగితాలు, మందులు, టార్చి ఒక సంచిలో వేసి తలుపు దగ్గర పెట్టాను. రెండో అంతస్తు వాళ్లతో అమ్మ మాట్లాడి ఉంచింది.