డేటా చట్టం క్లాసు: ముందు ఫోన్, తర్వాత సెక్షన్

రాజమహేంద్రవరంలో, భీమవరంలో డేటా రక్షణ, ఏఐ చట్టం చెప్పే మాస్టార్లు చాలామంది గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన 2017 నాటి పుట్టస్వామి తీర్పుతో మొదలెడతారు. తీర్పు గొప్పదే, కానీ మొదటి గంటకు బరువెక్కువ. లోన్ యాప్ ఒకటి చేతికిచ్చి మొదలెట్టండి, తీర్పు మూడో వారంలో చదివించొచ్చు.

పిల్లల్ని నలుగురేసి జట్లు చేసి, జట్టుకొక యాప్ ఇవ్వండి: అప్పులది, రొయ్యల ధరలది, బస్సు టికెట్లది. కాంటాక్టులేమీ లేని పాత ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయించండి. అప్పు తీసుకోనక్కర్లేదు, మొదటి తెరలు చాలు. ప్రైవసీ పాలసీని ఆరోజే పీడీఎఫ్‌గా దాచి, ఫైలు పేరులోనే తేదీ వేయించండి. నెల తిరక్కుండా పాలసీ మారిపోతే, తేదీ లేని నోట్సు ఎందుకూ కొరగాదు. ఆపైన కాగితం మీద మూడు గళ్లు: యాప్ ఏం అడిగింది, ఎందుకని చెప్పింది, ఏ నిబంధన తగులుతుంది.

అసలు పాఠం మూడో గడిలో ఉంది. కాంటాక్టుల జాబితానే తీసుకోండి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో సమ్మతి గురించిన సెక్షన్ 6లో ఉదాహరణ ఇచ్చారు: టెలిమెడిసిన్ యాప్ వైద్యంతోపాటు కాంటాక్టులూ అడిగింది, మనిషి రెండింటికీ సరేనన్నాడు. అయినా వైద్యానికి అవసరంలేని కాంటాక్టుల మేరకు ఆ సమ్మతి చెల్లదు. లోన్ యాప్‌కైతే రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల ఆదేశాలు ఇంకా సూటిగా ఉన్నాయి. ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ లాగులు ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం కేవైసీ వంటి అవసరానికి, సమ్మతి తీసుకుని, ఒక్కసారికే.

ఇక్కడ పిల్లలు మామూలుగా బోల్తాపడేది పాత బిల్లు దగ్గర. చట్టం కాకుండానే పోయిన 2019 డేటా రక్షణ బిల్లులోని ‘సున్నిత వ్యక్తిగత డేటా’ అనే వర్గాన్ని 2023 చట్టానికి అంటగడతారు. చట్టంలో అది లేదు. రెండోది అమలు తేదీ. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, నోటీసు, సమ్మతి వంటి ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అందుకని తెలుగులో నోటీసు లేని యాప్ కనబడగానే ‘సెక్షన్ 5 (నోటీసు) ఉల్లంఘన’ అని రాసేయకుండా, గడువు తీరిందో లేదో ముందు చూడాలి.

ఏఐని అడిగి తెచ్చిన తీర్పుల్ని నమ్మొద్దు. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ అవియాంకా కేసులో చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పుల్ని కోర్టుకిచ్చి లాయర్లు జరిమానా కట్టారు. ప్రతి తీర్పుకూ పేరా నంబరు అడగండి, ప్రతి సెక్షన్‌నూ చట్టాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో తెరిపించండి. పేరా నంబరు చూపించలేకపోతే ఆ తీర్పుకు మార్కుల్లేవు.

రొయ్యల రైతుల్ని అడగడానికి ఫీల్డుకి వెళ్తే పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, చెరువు గట్టెక్కొద్దు, రైతుకు ఊపిరి సలపదు. ‘మీరు సమ్మతించారా?’ అంటే అందరూ ఆఁ అంటారు. ‘ఈ తెర మీద ఓకే ఎవరు నొక్కారండీ?’ అని అడిగించండి. కొడుకో, మేత కొట్టు కుర్రాడో నొక్కాడని తేలితే సెక్షన్ 6 మీద చర్చ దానంతటదే లేస్తుంది. పరిశోధనకు సెక్షన్ 17లో మినహాయింపు ఉంది గానీ షరతులతోనే: ఆ డేటాతో ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. పేర్లకు బదులు కోడ్లు వేసి, కోడ్ల పట్టిక విడిగా దాచండి. అదొక్కటే చాలదు. ఊరు, చెరువు ఎకరాలు, లీజు రేటు మూడూ ఒకేచోట రాస్తే ఆకివీడు టీకొట్టులో ఎవరైనా అది ఎవరి చెరువో చెప్పేస్తారు. ఎకరాలను ‘అయిదులోపు’, ‘అయిదు నుంచి పది’ అని మార్చండి, ఊరు బదులు మండలం రాయండి.

ఏఐకి మనకింకా ప్రత్యేక చట్టం లేదు కాబట్టి యూరప్ ఏఐ చట్టంతో పోల్చి చెప్పాలి. అది 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, కొన్ని రకాల ఏఐ వాడకం మీద నిషేధాలు 2025 ఫిబ్రవరి 2 నుంచి వర్తిస్తున్నాయి. పరీక్షకు ఈ ప్రశ్న ఇవ్వండి: భీమవరం చెరువులో రొయ్య ఫొటో చూసి జబ్బు చెప్పే యాప్ ఒకటి, ఎగుమతి సరుకును గ్రేడు చేసి ఆ ఫలితాన్ని యూరప్ కొనుగోలుదారు వాడుకునేలా పంపే ఏఐ ఇంకొకటి. ఆ చట్టం దేనికి తగలొచ్చు? రొయ్యలు ఓడెక్కినంత మాత్రాన మొదటిదానికి తగలదు. రెండోదాని ఫలితం అక్కడ వాడుతున్నారు గనుక ఆ చట్టం ఎవరికి వర్తిస్తుందో చెప్పే ఆర్టికల్ 2 చదవాల్సిందే.